ఇసుకలో, ఉప్పునేలలో తోడేలు సాలీళ్ళను గుర్తుపట్టడం ఎలా: చెన్నై తీరం నుంచి సమగ్ర మార్గదర్శి

రంగు చూసి పేరు పెట్టకండి. మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు. ఇసుకలో బతికే సాలీడు ఇసుక రంగులో ఉంటుంది, ఉప్పుమడి గట్టు మీద తిరిగేది ఎండిన బురద రంగులో ఉంటుంది, అలా కలిసిపోయినవే పిట్టల కంట పడకుండా బతికి బయటపడతాయి. అందుకే ఏ చుట్టరికమూ లేని రెండు జాతులు ఒకే ఒడ్డున అచ్చం కవలల్లా కనిపిస్తాయి, ఒకే జాతిలో పిల్లకీ పెద్దకీ, మగదానికీ ఆడదానికీ పోలికే ఉండదు.

నేను తిరువాన్మియూరులో ఉంటాను. తోడేలు సాలీళ్ళ వెంట, అంటే ఎక్కువగా వల కట్టకుండా నేల మీద పరిగెత్తి వేటాడే సాలీళ్ళ వెంట, పడిన మొదటి ఏడాది నా నోట్‌బుక్‌లో పెద్దగా కనిపించిన ప్రతిదాన్నీ లైకోస అనీ, చిన్నగా కనిపించిన ప్రతిదాన్నీ పార్డోస అనీ (రెండూ తోడేలు సాలీళ్ళలో గుంపుల పేర్లు) రాసుకుంటూ పోయాను. తర్వాత మైక్రోస్కోప్ కింద చూడటం నేర్చుకున్నాక ఆ పేజీల్లో చాలావాటి మీద అడ్డగీత గీయాల్సి వచ్చింది. బాధగానే అనిపించింది, కానీ దానివల్లే ఒక పద్ధతి అలవాటైంది. మీకు ఆ ఏడాది వృథా కాకూడదని ఇదంతా రాస్తున్నాను.

బయల్దేరే ముందు

తలకు పెట్టుకునే టార్చి, మూత ఉన్న చిన్న పారదర్శక డబ్బాలు (మందుల షాపులో దొరికే శాంపిల్ డబ్బాలు సరిపోతాయి), 15 సెంటీమీటర్ల స్కేలు, 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్, జిప్ కవర్లు, పాత్రలు తోమే మెత్తటి స్పాంజి ముక్క, పెన్సిలు, నోట్‌బుక్. పెన్ను వద్దు, సముద్రపు తేమకు ఇంకు పాకిపోతుంది.

వీటి కాటు గురించి టెన్షన్ పడక్కర్లేదు. తోడేలు సాలీళ్ళు మనిషిని చూస్తే పారిపోతాయి, చేత్తో నొక్కితేనే కరుస్తాయి, అప్పుడు కూడా మామూలుగా కాస్త నొప్పి, వాపు, అంతే. చేత్తో పట్టుకోవద్దని నేను చెప్పేది మీ కోసం కంటే దాని కోసం, ఎందుకంటే కంగారులో ఒక కాలు వదిలేసి పారిపోతుంది. రాత్రిపూట ఉప్పుమడుల గట్ల మీద భయపడాల్సింది పాములకీ, జారే బురదకీ. మోకాళ్ళ దాకా బూట్లు వేసుకోండి, ఒంటరిగా వెళ్ళకండి.

ఇక అనుమతులు. పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడినుంచి ఏ జీవినీ డబ్బాలో వేసుకుని తెచ్చుకోకూడదు, అక్కడికక్కడే ఫొటో తీసి వదిలేయాలి. కోవళం, కేళంబాక్కం వైపు ఉప్పుమడులకు వాటివాటి యజమానులో, లీజుకు తీసుకున్నవాళ్ళో ఉంటారు. ముందు రోజు పగలు వెళ్ళి మాట్లాడి, ఎందుకొస్తున్నామో చెబితే చాలాసార్లు వాళ్ళే గట్లు చూపిస్తారు.

మన తీరానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు నీలాంకరై, బీసెంట్ నగర్ బీచ్‌లకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లని లైటు పడితే ఒడ్డెక్కబోయిన తల్లి వెనక్కి తిరిగిపోవచ్చు, గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుగు వైపు నడుస్తాయి. సాలీడు కళ్ళ మెరుపు పట్టాలంటే తెల్ల లైటు కావాలి. కాబట్టి ఆ నెలల్లో సముద్రం ముఖంగా ఉన్న ఇసుక జోలికి రాత్రి వెళ్ళకండి, బ్యాక్‌వాటర్ గట్లకో ఉప్పుమడులకో వెళ్ళండి. బీచ్‌ని పగలు చూసుకోవచ్చు.

ఏ పట్టీలో వెతుకుతున్నారో ముందు రాసుకోండి

ఒడ్డంతా ఒకటే అనుకుంటాం కానీ సాలీడుకు అది నాలుగైదు వేరు వేరు ఊళ్ళు. సముద్రం నుంచి లోపలికి నడుస్తూ చూడండి. ముందు తడి ఇసుక. తర్వాత అల ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే చెత్తగీత, నాచు, పుల్లలు, వలముక్కలు, చచ్చిన చేపలు, వాటి మీద ఈగలు, ఇసుక మిడతల్లా ఎగిరే బుల్లి రొయ్యజాతి జీవులు. వేటాడే సాలీడుకు అది అన్నం పెట్టే చోటు. ఆ పైన ఒట్టి పొడి ఇసుక. తర్వాత ఊదారంగు పూల బాలబందితీగ పాకిన చోటు, తమిళంలో దాన్నే అడంబు అంటారు. ఆ తర్వాత గుండ్రటి ముళ్ళబంతులు గాలికి దొర్లించే రావణాసురుడి మీసం గడ్డి, చివరికి సరుగుడు తోటలు.

ఉప్పు నేలల్లో ఈ పట్టీలు వేరుగా ఉంటాయి. నీటి అంచున ఉప్పు పేరుకున్న తెల్లని పొర, దాని పక్కన నెర్రెలిచ్చిన మట్టి, కాస్త ఎత్తుగా గట్టు, గట్టు మీద కండగల ఆకుల ఉప్పుమొక్కల గుబుర్లు. నెర్రె లోపల తేమ, చల్లదనం దొరుకుతాయి, అందుకే మధ్యాహ్నం బయట ఒక్కటీ కనపడని చోట చీకటి పడగానే పదుల కొద్దీ బయటికి వస్తాయి.

సాలీడు ఏ పట్టీలో దొరికింది, నీటికి ఎన్ని అడుగుల దూరం, అప్పుడు పోటా పాటా, ఈ మూడూ డబ్బా మూత పెట్టకముందే రాయండి. పోటు, పాటు వేళలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఇంటికొచ్చాక రాద్దాంలే అనుకుంటే తప్పులు వస్తాయి, అది నా అనుభవం.

చెన్నై నుంచి వెళ్ళదగ్గ చోట్లంటే దగ్గర్లో ముట్టుకాడు బ్యాక్‌వాటర్, కోవళం. ఉత్తరాన దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో పులికాట్, తమిళులు పళవేర్కాడు అంటారు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద దక్షిణంగా ఇంకా దూరం పోగలిగితే మరక్కాణం ఉప్పుమడులు. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య మడులు మునిగి ఉంటాయి, అప్పుడు గట్ల మీదే చూడాలి.

కళ్ళ మెరుపుతో వెతకడం

టార్చిని చేత్తో పట్టుకుంటే ఫలితం ఉండదు. అది మీ కంటి పక్కనే, కణత దగ్గరో నుదుటి మీదో ఉండాలి. తోడేలు సాలీడు వెనక వరసల కళ్ళలో లోపల అద్దంలాంటి పొర ఉంటుంది, వచ్చిన వెలుగును అది వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. మీ కన్ను ఆ దారిలో ఉంటేనే మెరుపు కనిపిస్తుంది. 10, 15 అడుగుల దూరంలో నేల మీద ఆకుపచ్చ, నీలం కలిసిన సన్నటి చుక్క వెలుగుతుంది. మంచు బిందువూ మెరుస్తుంది, గాజుముక్కా మెరుస్తుంది, కానీ టార్చిని ఒక అడుగు పక్కకి జరిపితే తేడా తెలుస్తుంది. బిందువు తెల్లగా మెరుస్తూనే ఉంటుంది, సాలీడు కన్ను టక్కున ఆరిపోతుంది. ఒకేచోట పదుల కొద్దీ చిన్న చుక్కలు కలిసి మెరిస్తే ఆగి దగ్గరగా చూడండి, వీపు మీద పిల్లల్ని మోస్తున్న తల్లి అయ్యుండొచ్చు.

ఒకసారి పులికాట్ ఒడ్డున ఇలా వంగి వెతుకుతుంటే వల సర్దుకుంటున్న తాతొకాయన దగ్గరికొచ్చాడు. అటువైపు తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది.

"ఏమ్మా, ఈ చీకట్లో మట్టిలో ఏం పారేసుకున్నావు?"

"సాలెపురుగుల్ని చూస్తున్నా తాతా."

"అవి ఇళ్ళ మూలల్లో గూళ్ళు కట్టుకొని ఉంటాయి గదమ్మా, ఇక్కడెందుకుంటాయి?"

"ఇవి గూడు కట్టి కూర్చునే రకం కాదు తాతా, పరిగెత్తి పట్టుకుంటాయి."

టార్చి ఆయన నుదుటికి కట్టి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నేళ్ళూ వీటి మధ్యనే నడిచానా" అన్నాడు. ఆ రోజు నాకంటే ఎక్కువ ఆయనే వెతికి పెట్టాడు.

ఇసుకలో కన్నాలు కనిపిస్తే రెండు విషయాలు చూడండి. పీత కన్నం బయట ఒక పక్కకి ఇసుక విసిరేసి ఉంటుంది, చుట్టూ కాళ్ళ గీతలు ఉంటాయి. సాలీడు కన్నం నోటి దగ్గర, లోపల పట్టుదారంతో పూత ఉంటుంది, గడ్డిపుల్లతో మెల్లగా తాకితే అంచు కూలదు, సాగుతుంది. తవ్వకండి. పుల్లను లోపలికి పెట్టి మెల్లగా ఆడిస్తే చాలావరకు అదే పైకి వస్తుంది. రాకపోతే వదిలేయండి.

చెత్తగీతలోనో మునిగి తేలిన గట్టు మీదో చచ్చినట్టు పడివున్న సాలీడు దొరికితే వెంటనే ఆల్కహాల్‌లో వేయకండి. ఫ్రాన్స్ తీరపు ఉప్పు చిత్తడుల్లో ఉండే ఆర్క్టోస ఫుల్వోలినియాట అనే తోడేలు సాలీడు నీట మునిగితే కోమాలోకి జారి, ఒక రోజు పైగా అలా ఉండి కూడా పొడి నేల తగిలాక మళ్ళీ లేచి నడుస్తుందని 2009లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. పొడి కాగితం మీద పెట్టి ఒక పూట ఆగి చూడటం మన ధర్మం.

ఇది తోడేలు సాలీడేనా?

లైకోసిడే అనే ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 2,400కు పైగా జాతులున్నాయి. అన్నిటికీ ఉమ్మడి గుర్తు కళ్ళ అమరిక, దీన్ని ఎదురుగా చూడాలి. కింద ఒక వరసలో నాలుగు చిన్న కళ్ళు. వాటి పైన ముందుకు చూస్తున్న రెండు పెద్ద కళ్ళు, బండి హెడ్‌లైట్లలా. ఇంకా పైన, తల నెత్తి మీద దూరదూరంగా మరో రెండు. నాలుగు, రెండు, రెండు. ఈ లెక్క కుదరకపోతే అది తోడేలు సాలీడు కాదు, మిగతా పోలికలు ఎన్ని ఉన్నా సరే.

ఆడది గుడ్ల సంచిని మోస్తుంటే ఇంకా సులువు. తోడేలు సాలీడు గుండ్రటి సంచిని పొట్ట చివర, దారం తీసే గొట్టాలకు అతికించుకుని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పైసౌరిడే కుటుంబపు సాలీళ్ళు చూడటానికి ఇలాగే ఉంటాయి కానీ సంచిని నోటి దగ్గర కోరలతో పట్టుకుని, కడుపు కింద పెట్టుకుని నడుస్తాయి. పిల్లలు బయటికొచ్చాక తల్లి వీపు మీదకి ఎక్కి కొన్ని రోజులు అక్కడే ఉండటం కూడా తోడేలు సాలీళ్ళ పద్ధతే.

గోడల మీద పీతలా పక్కకి కాళ్ళు చాపుకుని ఉండే పెద్ద సాలీడును చాలామంది దీనితో కలిపేస్తారు, అది వేరే కుటుంబం. కాళ్ళనిండా ముళ్ళు నిక్కబొడుచుకుని ఆకుల మీద ఎగిరే లింక్స్ సాలీడు కళ్ళు షట్కోణంలా అమరి ఉంటాయి, పొట్ట కొనదేరి ఉంటుంది. గెంతే సాలీడు కళ్ళ గురించి చెప్పనక్కర్లేదు, ముందు రెండూ మొహమంతా ఆక్రమించి మనల్నే చూస్తుంటాయి.

నాలుగు ఫొటోలు, ఒక కొలత

పైనుంచి ఒకటి, ఎదురుగా మొహానికి ఒకటి, పక్కనుంచి ఒకటి, కడుపు వైపునుంచి ఒకటి. అందరూ పైనుంచి పది తీసి మిగతా మూడూ మర్చిపోతారు, చివరికి పనికొచ్చేవి ఆ మూడే. పక్కనుంచి తీసిన ఫొటోలో తల ఎత్తు తెలుస్తుంది. కడుపు వైపు ఫొటోలో ఆడదాని జననాంగపు పలక, పొట్ట అడుగున నల్లమచ్చలు తెలుస్తాయి.

కడుపు వైపు తీయడానికి తేలికైన ఉపాయం: సాలీడును జిప్ కవర్లోకి పంపి, వెనకనుంచి స్పాంజిని పెట్టి, ప్లాస్టిక్ వైపు కడుపు ఉండేలా చాలా మెత్తగా అదమండి. పది సెకన్లలో ఫొటో తీసేయాలి. కాళ్ళు వణుకుతున్నా, పొట్ట సొట్టపడుతున్నా మీరు గట్టిగా నొక్కుతున్నట్టే.

కొలత విషయంలో కాళ్ళు లెక్కలోకి రావు. మొహం ముందు అంచు నుంచి పొట్ట చివరి దాకా శరీరం పొడవు. అయితే తిన్నరోజు పొట్ట ఉబ్బుతుంది, గుడ్లు పెట్టాక ముడతపడుతుంది, కాబట్టి ముందు భాగం పై పెంకు పొడవు, వెడల్పు విడిగా రాసుకోండి. ఆ రెండూ తిండిని బట్టి మారవు.

పెద్దదా, పిల్లా? ఆడా, మగా?

ఇక్కడ ఓపిక పట్టకపోతే తర్వాతి మెట్టు దండగ, ఎందుకంటే జాతి స్థాయిలో పేరు చెప్పడానికి ఆధారాలు పెద్ద సాలీళ్ళలోనే ఉంటాయి.

నోటి పక్కన కాళ్ళలాంటి రెండు పొట్టి అంగాలుంటాయి, పాల్ప్‌లు. పెద్ద మగదానికి వాటి చివర్లు బాక్సింగ్ గ్లవ్స్ తొడిగినట్టు ఉబ్బి ఉంటాయి, అడుగున ముదురు రంగు కొక్కేలు, మడతలు కనిపిస్తాయి. ఉబ్బి ఉండి అడుగున నున్నగా, ఏ వివరమూ లేకుండా ఉంటే అది ఇంకొక్కసారి పొర విడవాల్సిన కుర్రది. ఆడదానికి పొట్ట అడుగున, ఊపిరితిత్తుల లేతరంగు మూతల మధ్య, ముదురు గోధుమరంగు గట్టి పలక ఉంటుంది, దాన్నే ఎపిజైన్ అంటారు. పలక లేకపోయినా, మసకమసకగా లోపలినుంచి కనిపిస్తున్నా ఇంకా ఎదగలేదని అర్థం.

సైజు చూసి ఆడమగ నిర్ణయించకండి. మామూలుగా ఆడదే పెద్దదన్నది నిజమే, కానీ ఉరుగ్వే తీరపు ఇసుకలో ఉండే అల్లోకోస సెనెక్స్ అనే తెల్లటి తోడేలు సాలీడులో మగదే పెద్దది. అది కన్నం తవ్వుకుని లోపల కూర్చుంటుంది, ఆడది వెతుక్కుంటూ వచ్చి ముందుగా తనే మనసు తెలుపుతుంది. ఇసుక ఒడ్డు జీవితం ఎన్ని లెక్కల్ని తిరగరాస్తుందో చూడండి.

ప్రజాతి దాకా ఎలా రావాలి

పేరులో మొదటి మాట, అంటే ప్రజాతి, ఫీల్డులోనే చాలావరకు తేల్చుకోవచ్చు. నేను ఎప్పుడూ గూటితో మొదలుపెడతాను. నేల మీదో గడ్డి మొదట్లోనో పరిచిన దుప్పటిలా పట్టువల, దాని ఒక చివర గరాటు, గరాటు నోట్లో కూర్చున్న సాలీడు. కళ్ళు నాలుగు, రెండు, రెండు అమరికలో ఉంటే అది హిప్పాస. తోడేలు సాలీళ్ళు వల కట్టవన్న మాటకు ఇది పెద్ద మినహాయింపు. వెనక దారపు గొట్టాలు పొడుగ్గా పైనుంచి చూసినా కనిపిస్తాయి. తాతకి నేను చెప్పిన మాట కూడా దీని విషయంలో చెల్లదు, తర్వాత వెళ్ళినప్పుడు ఆయనకి గట్టు మీది హిప్పాస గరాటు చూపించి సరిదిద్దుకున్నాను.

వల లేదు, సన్నగా, 4 నుంచి 9 మిల్లీమీటర్ల మధ్య ఉంది, పగలే నీటి అంచున గబగబా పరిగెడుతోంది, కాళ్ళు పొడుగ్గా సన్నగా, వాటి మీద పొడవాటి ముళ్ళు, ఎదురుగా చూస్తే తల పక్కలు గోడల్లా నిటారుగా ఉన్నాయి. ఇది పార్డోస వైపు. వరిపొలాల్లో సుడిదోమను తినే పార్డోస సూడోయాన్యులాటను మన రైతులు ఎప్పటినుంచో చూస్తున్నారు, దాని వీపు మీద ఫోర్క్ ఆకారంలో గుర్తు ఉంటుంది. కానీ ఇక్కడే జాగ్రత్త. వాడికోస, డ్రపోస అనే రెండు ప్రజాతులు కూడా చూడటానికి ఇలాగే ఉంటాయి. వాడికోస ఫిడెలిస్ ఆఫ్రికా నుంచి ఆసియా దాకా విస్తరించిన జాతి, 1872లో వర్ణించారు, చాలాకాలం పార్డోసలోనే లెక్కవేశారు. డ్రపోసను 2010లో విడదీశారు. ఈ మూడింటినీ నమ్మకంగా వేరు చేసేది మగదాని పాల్ప్ నిర్మాణమే. కాబట్టి ఫొటో ఒక్కటే ఉంటే "పార్డోస లేదా దగ్గరిది" అని రాయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

తల, పెంకు పల్చగా కిందికి అణిగినట్టు ఉండి, పెంకు మీద వెంట్రుకలు తక్కువై నిగనిగలాడుతూ, కాళ్ళ మీద కట్లు కట్లుగా మచ్చలుండి, ఇసుకలో పట్టు పూసిన కన్నంలో ఉంటే ఆర్క్టోస గుర్తుకు రావాలి. బీచ్ సాలీళ్ళలో ప్రపంచమంతా పేరున్న ప్రజాతి ఇది. ఉత్తర అమెరికా ఇసుక ఒడ్డుల్లో ఆర్క్టోస లిట్టొరాలిస్, యూరప్ ఇసుక తిన్నెల్లో ఆర్క్టోస పెరిట, అన్నీ నేలలో కలిసిపోయే రంగువే.

పెద్దది, బలిసిన కాళ్ళు, పెంకు మీద మధ్యనుంచి అంచులకు కిరణాల్లా గీతలు, లోతైన కన్నం ఉంటే లైకోస వైపు చూడండి. దీని కడుపు అడుగు ఫొటో తప్పనిసరి, నల్లపట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో జాతి తేల్చేటప్పుడు పనికొస్తుంది. టరాంట్యులా అన్న పేరు అసలు వీటిదే, ఇటలీలోని తరాంతో ఊరి దగ్గరి తోడేలు సాలీడుకు పెట్టిన పేరును తర్వాత వేరే కుటుంబపు బొచ్చు సాలీళ్ళకు అంటగట్టారు.

పక్కనుంచి తీసిన ఫొటోలో తల భాగం ఎత్తుగా లేచి, దాని వెనక గుర్రపు జీనులా నొక్కుకుపోయి, కాళ్ళు చాలా పొడుగ్గా ముళ్ళతో ఉంటే ఎవిప్ప అయ్యుండొచ్చు. పొడి, బట్టతల నేలలను ఇష్టపడే ప్రజాతి ఇది. పక్క ఫొటో లేకపోతే దీన్ని పార్డోస అనుకుని పొరబడటం చాలా తేలిక.

యాప్ చెప్పిన విదేశీ పేర్లు

ఫొటో ఎక్కించగానే జీవుల్ని గుర్తుపట్టే యాప్ ఏదో ఒక పేరు చూపిస్తుంది. అమెరికా బీచ్ సాలీడు పేరో ఆస్ట్రేలియా పేరో వస్తే సంతోషపడి నొక్కేయకండి. ముందు ఆ జాతి ఎక్కడ ఉంటుందో చూడండి.

దీనికి టెట్రలైకోస మంచి పాఠం. ఇది ఆస్ట్రేలియా ప్రజాతి, ఉప్పు ఉన్నచోట మాత్రమే బతుకుతుంది. బీచ్‌లు, ఉప్పు సరస్సులు, బంకమట్టి పల్లాలు, ఎడారిలో ఊటనీటి దిబ్బలు. 2017లో ఫ్రామెనౌ, హడ్సన్ అనే ఇద్దరు దీన్ని మొత్తం తిరగేసి 13 జాతులని తేల్చారు, అందులో 8 అప్పటిదాకా పేరు లేనివి. టెట్రలైకోస ఒరారియ దక్షిణ తీరపు బీచ్‌ల మీద తిరుగుతుంది, టెట్రలైకోస ఐరీకి ఐర్ ఉప్పు సరస్సు పేరే పెట్టారు. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది ఏమిటంటే, అక్కడ సముద్రపు ఒడ్డు జాతులూ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉప్పు సరస్సు జాతులూ ఒకే ఇంటి పిల్లలు. మన దగ్గర అలా అనుకుని పులికాట్ సాలీడుకూ రాజస్థాన్‌లోని సాంభర్ ఉప్పు సరస్సు సాలీడుకూ ఒకే పేరు పెట్టేయకూడదు. ఉప్పునేలలో బతకడం వేరు వేరు ప్రజాతులు విడివిడిగా నేర్చుకున్నాయి, యూరప్ ఉప్పు చిత్తడుల్లో ఆ పని చేసింది పార్డోస పర్బెకెన్సిస్, ఆర్క్టోస ఫుల్వోలినియాట. అవి రెండూ దగ్గరి చుట్టాలు కావు.

జాతి పేరు: అద్దం కింద

ఇక్కడ సాలీడును చంపాల్సి రావచ్చు, అందుకే ఈ మెట్టు అందరూ ఎక్కాల్సింది కాదు. పరిశోధన చేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు అనుమతితో, ఒక చోటు నుంచి ఒకటి రెండుకు మించకుండా తీసుకోండి. గుడ్ల సంచితో, పిల్లలతో ఉన్న తల్లిని ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోకండి.

70 నుంచి 80 శాతం ఆల్కహాల్ ఉన్న సీసాలో వేసి, లేబుల్‌ని కాగితం మీద పెన్సిలుతో రాసి సీసా లోపలే పెట్టండి. బయట అతికించిన లేబుళ్ళు ఊడిపోతాయి. 40 రెట్లు చూపించే స్టీరియో మైక్రోస్కోప్ సరిపోతుంది. మగదానికి ఎడమ పాల్ప్‌ను విడదీసి అడుగునుంచి, బయటి పక్కనుంచి చూస్తారు, బొమ్మలన్నీ ఎక్కువగా ఎడమదానివే గీస్తారు కాబట్టి పోల్చడం తేలిక. ముందుగా ఒక పరీక్ష చేయండి. పాల్ప్ చివరి ఉబ్బుకి ముందున్న కణుపు మీద బయటికి పొడుచుకొచ్చిన కొమ్ము ఉంటే అది తోడేలు సాలీడు కాదు, మళ్ళీ కళ్ళ దగ్గరికి వెళ్ళాలి. కొమ్ము లేకపోతే ఉబ్బు మధ్యలోని కొక్కెం ఆకారం, వీర్యం పంపే సూదిలాంటి భాగం ఎటు తిరిగి ఎక్కడ ఆగిందో చూడండి.

ఆడదాని ఎపిజైన్‌లో చూడాల్సింది పైన జేబుల్లాంటి గుంటలు ఒకటా రెండా, మధ్యలో నిలువు పట్టీ సన్నదా, కిందికొచ్చేసరికి తలకిందుల టీ అక్షరంలా వెడల్పవుతుందా అన్నది. లోపలి సంచుల ఆకారం కావాలంటే పలకను కోసి తీసి లవంగనూనెలో ఉంచుతారు, కండ పారదర్శకమై లోపలివి కనిపిస్తాయి. కనిపించినదాన్ని ఫొటోతో పాటు చేత్తో కూడా గీయండి. గీసేటప్పుడు మనం చూడని గీత ఉండదు.

పోల్చడానికి బెర్న్ నగరంలోని మ్యూజియం నడిపే వరల్డ్ స్పైడర్ కేటలాగ్ ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితం. ప్రజాతి పేరు కొట్టి, ఇండియా, శ్రీలంక, చుట్టుపక్కల దేశాల జాతులను జాబితా చేసుకుని, ఒక్కొక్కదాని మొదటి వర్ణన బొమ్మలతో మీ బొమ్మను పోల్చండి. భారతదేశపు తోడేలు సాలీళ్ళకు 1980లో జూలాజికల్ సర్వే కోసం టికాదార్, మల్హోత్రా చేసిన వర్ణనలు ఇప్పటికీ మొదట తెరవాల్సినవి. అయితే తర్వాత చాలా పేర్లు మారాయి, అందుకే అక్కడ దొరికిన పేరును కేటలాగ్‌లో మళ్ళీ సరిచూసుకోవాలి. రూపంలో తేడాలతో మొదలై జననాంగాల్లో ఒకటే అని తేలితే అది ఒకే జాతి. రూపం ఒకటే అనిపించి పాల్ప్ తేడాగా ఉంటే రెండు జాతులు.

చంపడం ఇష్టం లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మగ తోడేలు సాలీళ్ళు ఆడదాని ముందు పాల్ప్‌లు ఊపుతూ, కాళ్ళు నేలకు కొడుతూ చేసే సైగలు జాతికో తీరుగా ఉంటాయి. గట్టు మీద కదలకుండా కూర్చుని వీడియో తీయండి, ఏ పాల్ప్ ముందు లేచింది, ఎన్నిసార్లు ఊపింది, మధ్యలో ఎంతసేపు ఆగింది అని రాసుకోండి. అచ్చం ఒకేలా కనిపించే రెండు పార్డోసలను ఇది పట్టిస్తుంది.

రాసి పెట్టడం, వదిలిపెట్టడం

నమూనా దాచిపెట్టదలిస్తే ఇంట్లో పెట్టుకోకండి, శాంతోం హైరోడ్డులోని జూలాజికల్ సర్వే కార్యాలయాన్నో, ఏదైనా కాలేజీ జంతుశాస్త్ర విభాగాన్నో అడగండి. విదేశాల్లో ఉన్న నిపుణుడికి పార్సిల్ చేద్దామనిపించినా ఆగండి. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం దానికి అనుమతులు కావాలి. ఆ చట్టాన్ని చూసే జాతీయ సంస్థ మన తరమణిలోనే ఉంది. ఫొటోలు పంపడానికి ఏ అడ్డూ లేదు.

జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఎక్కించేటప్పుడు నాలుగు ఫొటోలూ ఒకే పరిశీలన కింద పెట్టండి. పేరు దగ్గర మీకు రుజువు ఉన్నంతవరకే రాయండి, కుటుంబం దాకా తెలిస్తే కుటుంబం, ప్రజాతి దాకా తెలిస్తే ప్రజాతి. నేను రాసే తీరు ఇలా ఉంటుంది: "ముట్టుకాడు బ్యాక్‌వాటర్, గట్టు మీది నెర్రె, నీటికి 6 అడుగులు, పాటు వేళ, రాత్రి 8 దాటాక. పెద్ద ఆడది, గుడ్ల సంచితో. పొడవు 7 మి.మీ. పార్డోస లేదా దగ్గరిది. ఎపిజైన్ ఫొటో ఉంది, పాల్ప్ చూడలేదు."

డబ్బాలోని సాలీడును దొరికిన పట్టీలోనే, దొరికిన చోటికి రెండడుగుల లోపు వదలండి. పది అడుగులు అటు వదిలితే ఏమవుతుందని అనిపిస్తుంది, కానీ కన్నంలో ఉండే రకానికి ఇల్లు అక్కడే ఉంది. ఒకవేళ డబ్బాలో గుడ్ల సంచి ఊడిపోయి ఉంటే తల్లిని ముందు వదిలి, సంచిని దాని కాళ్ళ దగ్గర పెట్టి, టార్చి ఆపి కొంచెం దూరం జరగండి. కాసేపయ్యాక వచ్చి చూస్తే చాలాసార్లు అది మళ్ళీ తగిలించుకుని వెళ్ళిపోయి ఉంటుంది.